ఆడిటరమ్మ కుట్టించిన రెండు అరల సంచి

మిర్యాలగూడ దగ్గర పడుతోందని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నా ముక్కు చెబుతుంది. ముందు ఉడికిన వడ్ల వాసన, దాని వెనకే తవుడు వాసన బస్సు కిటికీలోంచి ఒక్కసారిగా లోపలికి వస్తాయి. అలవాటు లేనివాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే వెన్ను నిటారవుతుంది, చేయి దానంతటదే ఒళ్ళోని సంచి మీదికి పోతుంది, ఎవరో నన్ను లెక్క అడగబోతున్నట్టు. మొన్న కూడా అంతే. కోదాడలో బస్సెక్కగానే కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు చేతిలో పెట్టింది. అది పట్టుకుని, సంచిలో ఏ అరలో వేయాలా అని ఆలోచిస్తూనే హుజూర్‌నగర్ దాటేశాను. మిల్లుల వాసన వచ్చేసరికి ఆ సంచి కుట్టించి ఇచ్చిన మనిషి నా పక్క సీట్లో వచ్చి కూర్చున్నట్టయింది.

ఆమె పేరు రాజ్యలక్ష్మి. మేమంతా ఆడిటరమ్మ అనేవాళ్ళం. మిర్యాలగూడలో తాతల నాటినుంచి వడ్ల వ్యాపారం చేసే వైశ్యుల ఇంట్లో పుట్టి, పెద్ద చదువు చదివి, మిల్లుల లెక్కలు చూసేది. నేనేమో మూడో తరగతి పూర్తికాకుండానే బడి మాని మేకల వెంట నడిచినదాన్ని. కోదాడ పక్కన చిలుకూరు వైపు మా ఊరు. మా ఊరి ప్రార్థన మందిరంలో స్త్రీల సమాజానికి పెద్దను. ఎప్పటినుంచో నేనే, నన్ను దింపే ధైర్యం ఎవరికీ లేదు కనుక. ఇప్పటి పిల్లలు మందిరం మీద కప్పు ఎప్పుడూ ఉన్నదే అనుకుంటారు. అది ఎలా నిలిచిందో, వెంకటేశ్వరస్వామిని మొక్కే ఒక ఆమె దానికోసం మా ఊరి మట్టిలో ఎలా కూర్చుందో వాళ్ళకు తెలియాలని ఇది రాయిస్తున్నాను.

మా సంఘం చిన్నది. కూలీలు, కౌలు రైతులు, గొర్రెలు కాచేవాళ్ళు. కొత్త మందిరం కట్టుకుందామనుకున్నప్పుడు ఒకేసారి ఇచ్చే స్థోమత ఎవరికీ లేదు. అందుకే ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టాలని, ఆదివారం వాటిని తెచ్చి మందిరంలో డబ్బాలో పోయాలని కట్టడి చేశాం. ఎవరి గుప్పెడు చిన్నదో నాకు తెలిసిపోయేది. అలాంటివాళ్ళ చేతులవైపు చూసేదాన్ని, వాళ్ళు మరుసటి వారం సర్దుకునేవాళ్ళు. ఆ బియ్యం కోదాడలో ఒక హోటలుకు అమ్మేవాళ్ళం. కోత పండుగనాడు వడ్ల బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు తెస్తే మందిరం ముందే వేలం పాడేవాళ్ళం. ఇవి కాక ఎవరికి తోచింది వాళ్ళు చాటుగా తెచ్చి ఇచ్చేవారు. డబ్బంతా ఒకేచోట ఉంచితే దొంగలు పడతారని, తలా కొంత నాలుగిళ్ళలో నేనే దాచిపెట్టించాను. "దొంగోడు ఒక్కింటికొస్తడుగాని నాలుగిండ్లకు రాడు గద" అన్నాను. అందరూ నా తెలివిని మెచ్చుకున్నారు. గోడలు లేచాయి. కప్పుకు సరిపోయేంత డబ్బు పోగయింది. అంతలో పెద్ద నోట్లు ఇక చెల్లవని టీవీలో చెప్పారు.

ఆ వారం మా ఆడవాళ్ళ పరుగు చూడాలి. ఒకామె పప్పు డబ్బాలోంచి, ఒకామె బొంత కుట్టు విప్పి, నోట్లు తెచ్చి అయ్యగారి ముందు పోశారు. పాస్టరుగారిని మేము అయ్యగారనే అంటాం. సంఘానికి బ్యాంకు ఖాతా లేదు. ఉండాలని ఎవరికీ తోచనే లేదు. మందిరం కరెంటు మీటరు, సిమెంటు బిల్లులు, అన్నీ అయ్యగారి పేరు మీదే ఉండేవి. ఇంకొకరి పేరు పెడితే ఆయన్ను నమ్మనట్టు అవుతుందని మా మర్యాద. ఆ మర్యాదతోనే డబ్బంతా ఆయన సొంత ఖాతాలో వేయించాం. ఆ తర్వాత ఇసుక దొరకక కొంతకాలం, మేస్త్రీ దొరకక కొంతకాలం గడిచింది. కప్పు వేయకముందే ఆదాయపు పన్ను నోటీసు వచ్చింది. ఇంత నగదు నీకు ఎక్కడిదో ఆధారంతో చెప్పు, చెప్పలేకపోతే రూపాయిలో ముప్పావలాకు పైగా పన్ను కింద పోతుంది అని దాని సారాంశం.

అయ్యగారు మెతక మనిషి. నోటీసు సంగతి ఊళ్ళో పొక్కగానే గుసగుసలు మొదలయ్యాయి. ఆయన పాత బండి అమ్మేసి ఇంకో పాత బండి కొన్నాడు, దానికీ కథలు అల్లారు. ఆదివారం ప్రసంగం చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయి గోడల మీదుగా ఆకాశం వైపు చూసేవాడు. ఆయన భార్య నాతో ఒకనాడు బావి దగ్గర, "అక్కా, కంచం ముంగట కూసుంటున్నడు గని తింటలేడు" అన్నది. కప్పు పోతే ఇంకో పదేళ్ళు గుప్పెడు గుప్పెడు పోగుచేసి మళ్ళీ వేసుకుంటాం. సంఘం సొమ్ము తిన్నాడన్న పేరు పడితే దాన్ని దేనితో కడుగుతాం? నా భయమంతా దానికే.

మా సంఘ పెద్ద ఇస్సాకు కోదాడలో కంప్యూటరు మీద కాగితాలు చేసే ఒకతన్ని కలిసి వచ్చాడు. వ్యవసాయం మీద వచ్చిన డబ్బని రాసేస్తే పన్నే ఉండదని అతను చెప్పాడట. ఇస్సాకు మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం మింగుడు పడలేదు. మా బియ్యం కొనే హోటలాయనను అడిగితే, "మిర్యాలగూడల ఒకామె ఉందమ్మా. నోరు మంచిది కాదు. లెక్క మంచిది" అన్నాడు. మర్నాడే నేను, ఇస్సాకు, అయ్యగారు ముగ్గురం బయల్దేరాం. దారిలో టీ కూడా తాగనివ్వలేదు నేను.

మిల్లుల వెనక సందులో, మేడ మీద ఆమె ఆఫీసు. గోడకు స్వామి పటం, దానికి ఒక్క మందారం. నెరిసిన జుట్టు బిగించి జడ వేసుకుని, కళ్ళజోడుకు తాడు కట్టుకుని కూర్చుంది. మమ్మల్ని కూర్చోమనలేదు, కుర్చీలు చూపించింది.

"ఏం పనిమీద వచ్చిన్రు?"

"నోటీసు వచ్చిందమ్మా" అన్నాను.

"ఎవరికి?"

"మా గుడికి."

ఆమె కాగితం తీసుకుని చూసి మళ్ళీ నా వైపు చూసింది. "గుడికెక్కడ వచ్చింది? గిది మనిషి పేరు గద."

"ఆయనే మా అయ్యగారు."

"అయ్యగారే గుడా?"

అన్నేళ్ళుగా ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు, మాకు మేమూ వేసుకోలేదు. ఇస్సాకు గొంతు సవరించుకుని, "మేడం, వ్యవసాయం మీద వచ్చిందని రాస్తే పని అయిపోతదంట కదండీ" అన్నాడు. వాళ్ళమ్మది ఏటి అవతల జగ్గయ్యపేట వైపు, అందుకని అతనికి అండీలు ఎక్కువ.

"అయ్యగారికి ఎంత భూమి ఉంది?"

"గుంట కూడ లేదండి."

"మరి వడ్లు ఏడ పండినయ్, ఇంటి చూరు మీదనా?"

"నా ఎకరం ఆయనకు కౌలుకిచ్చానని రాసిస్తానండి."

ఆమె పెన్ను కింద పెట్టింది. "రాసియ్యి. రేపు నిన్ను గూడ పిలుస్తరు. కౌలెంత, ఏ పంట, ఎవరికమ్మిన్రు అని అడుగుతరు. అప్పుడు మీ అయ్యగారు దొంగ, నువ్వు తోడుదొంగ. ఇయ్యాల్టికైతే ఆయన తెల్వక చేసినోడు. తెల్వక చేసినోనికి దారి ఉంటది. అబద్ధమాడినోనికి ఏ ఆడిటరు దారి చూపియ్యలేడు."

ఇస్సాకు తల వంచుకున్నాడు. అయ్యగారు మాత్రం చాలా రోజుల తర్వాత కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. తాను దొంగ కాదన్న మాట బయటి మనిషి నోట ఆయన విన్నది అదే మొదటిసారి.

ఫీజు చెప్పింది. నాకు చురుక్కుమంది. "దేవుని పనికి గూడ ఫీజేనా అమ్మా?" అన్నాను.

"నీ దేవుని పని నువ్వు చేస్కో. నాది ఆడిటు పని. ఊరికే చేసేదాన్ని నిలదీసి అడగనీకి నీకు నోరు రాదు. పైసలిచ్చినవనుకో, ఆలస్యమైతే వచ్చి కొట్లాడతవ్."

బేరమాడాను. ఆమె నవ్వలేదుగానీ కొంత తగ్గించింది. బయానా ఇద్దామని కొంగు ముడి విప్పి నోట్లు తీస్తుంటే, "దీంట్ల గుడిది ఎంత, నీది ఎంత?" అని అడిగింది.

"నాకెరుకే."

"నీకెరుకే. రేపు నువ్వు సచ్చిపోతే?"

నాతో అలా మాట్లాడినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఇంట్లో కోడళ్ళు, సంఘంలో పెద్దలు నా మాటకు ఎదురు చెప్పరు. కోపం రావాలి. రాలేదు. తిరుగు బస్సులో కొంగు ముడిని రెండు ముడులు చేసుకున్నాను.

ఆమె అడిగింది ఒక్కటే. ఎవరెవరు ఇచ్చారో వాళ్ళ వాళ్ళ సంతకంతో కాగితాలు కావాలి. ఎంత ఇచ్చారు, ఆ డబ్బు వాళ్ళకు ఎలా వచ్చింది, అంతే. సులువే అనుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. దేవునికి ఇచ్చింది చెప్పుకోకూడదన్నది మా వాళ్ళ పట్టుదల. చెప్పుకుంటే అది ఇచ్చినట్టే కాదు, పొగడ్తకు అమ్ముకున్నట్టు. ఎక్కువ ఇచ్చినవాళ్ళు అందుకు చెప్పరు. తక్కువ ఇచ్చినవాళ్ళు సిగ్గుతో చెప్పరు. నేను గద్దించాను, అయ్యగారు బతిమాలాడు. ఆయన బతిమాలుతుంటే ఆయన్ను అనుమానించినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అయినా చెప్పలేదు. ఆ మాట ఫోనులో చెబితే ఆడిటరమ్మ, "ఆదివారం నేనే వస్త" అన్నది.

వచ్చింది. బస్సు దిగి, చెప్పులు చేతబట్టుకుని, వాన బురదలో నడిచి వచ్చింది. మా మందిరానికి అప్పటికి నాలుగు గోడలే, పైన ఆకాశమే. లోపల నేల కూడా మట్టిదే. కుర్చీ వేస్తే వద్దని, ఆడవాళ్ళ వరుసలో చాప మీద కూర్చుంది. ఆరాధన జరుగుతున్నంతసేపూ కదలకుండా ఉంది. అయ్యాక లేచి అందరికీ నోటీసు సంగతి విప్పి చెప్పింది. ఇచ్చింది చెప్పకపోతే ఆ డబ్బు అయ్యగారి సంపాదన కింద లెక్క కడతారని, పన్నుతో పాటు ఆయన పేరు కూడా పోతుందని చెప్పింది.

ముందు వరుసలో నాగయ్య ఉన్నాడు. గొర్రెల నాగయ్య అంటాం. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, జర కోపం జెయ్యకు. అయ్యగారి కోసం పానమన్న ఇస్తం. ఎంతిచ్చినవని మాత్రం అడగకు. గది సెప్తే ఇచ్చినట్టు గాదు" అన్నాడు.

ఆడిటరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "మంచిది. అడగ. నీకు గొర్లెన్ని ఉన్నయ్?" అంది.

"ఉన్నయ్ అమ్మా, మందంత."

"ఈ నడుమ మంచి బేరం ఏదన్న తగిలిందా?"

నాగయ్య ముఖం మారిపోయింది. గొర్రెల సంగతి ఎత్తితే అతన్ని ఆపడం ఎవరి తరం కాదు. "ఎందుకు తగల్లే! ఒక పొట్టేలుండె నాకు, నల్లది. సూర్యాపేట నుంచి ఒక బేరగాడు వచ్చిండు. వచ్చి దాని నడుము పిసికిండు, పల్లు జూసిండు, దీంట్ల ఏముంది బొక్కలు తప్ప అన్నడు. నేను తాడిప్పి ఇగ పో అన్న. పోయినోడు సాయంత్రానికి మల్ల వచ్చిండు. నేను పొద్దుగాల సెప్పిన ధర కాదన్న, ఇంక పెంచిన!"

ఆడవాళ్ళంతా నవ్వారు. వెనకనుంచి అతని భార్య, "పెంచింది నువ్వు గాదు, నేను" అన్నది. ఇంకా నవ్వారు.

"ఎంతకు తెగింది?" ఆడిటరమ్మ అడిగింది. నాగయ్య గర్వంగా చెప్పాడు. బేరగాడి పేరు కూడా చెప్పాడు. ఆమె రాసుకుంది. తర్వాత తల ఎత్తకుండానే, మామూలుగా, "ఆ పైసలు ఏం జేసినవ్?" అంది.

నాగయ్య నవ్వు ఆగింది. అందరూ అతన్నే చూస్తున్నారు. అతను పక్కనున్న గోడను చూశాడు. చేయి చాపి ఇటుకను తాకి, "గీ గోడల ఉన్నయ్" అన్నాడు.

ఆడిటరమ్మ ఆ మాట కూడా రాసుకుంది. ఆ తర్వాత లేచి నిలబడి అందరితో, "మీరు ఇచ్చింది నాకు చెప్పకున్రి. అమ్మింది చెప్పున్రి. ఏది అమ్మిన్రు, ఎవరికి అమ్మిన్రు, ఆ పైసలు ఏడికి పోయినయ్, గంతే" అన్నది.

ఇక ఆ మధ్యాహ్నం మా మందిరం సంత అయిపోయింది. అమ్మిన సంగతి చెప్పమంటే మావాళ్ళకు అంతకన్నా పండుగ ఏముంది? ఒకామె పెయ్యదూడ అమ్మిన కథ చెబితే, ఇంకొకామె మిర్చి కల్లంలో తూకం దగ్గర కొట్లాడిన కథ చెప్పింది. మా మర్యాద చెడకుండానే ఎవరెవరు ఏమిచ్చారో అందరికీ తెలిసిపోయింది. చెవిపోగులు కుదవబెట్టి ఇచ్చిందని అప్పటిదాకా ఎవరూ అనుకోని ఒక కూలి మనిషి వైపు మేమంతా తిరిగి చూశాం, ఆమె తల పక్కకు తిప్పుకుంది. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర పెట్టారు. మావాళ్ళ వడ్లు కొన్న మిల్లుల నుంచి ఆడిటరమ్మ తూకం చీటీలు తెప్పించింది. నాగయ్యను వెంటబెట్టుకుని నేను సూర్యాపేట పోయి బేరగాడి దగ్గర రాయించుకొచ్చాను. బియ్యం సంగతి హోటలాయన రాసిచ్చాడు.

పోయేముందు ఆమె ఆకాశం కనిపించే ఆ నాలుగు గోడల మధ్య నిలబడి, "సువార్తమ్మా, నేను ఎన్నో మిల్లుల లెక్కలు చూసిన. గింత మంది అమ్ముకున్నది ఒక్క దాంట్ల పోసిన లెక్క ఎన్నడు చూడలె" అన్నది. అదొక్కటే ఆమె నోట నేను విన్న మెచ్చుకోలు. వెంటనే, "అయినా సరే, ఆయన ఖాతాల ఎయ్యడం బుద్ధితక్కువ పని" అని కూడా అంది.

విచారణ సూర్యాపేటలో జరిగింది. హోటలు ఖర్చు ఎందుకని నేను ఇంటినుంచి పులిహోర కట్టుకుని వెళ్ళాను. బల్ల మీద కూర్చుని మా వంతు కోసం చూస్తుంటే అయ్యగారు కాగితాలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. లోపల అధికారి చిన్నవాడే, మాట నెమ్మది. "ఖాతా మీ పేరున ఉంది, డబ్బు మీరే వేశారు. మీది కాదని ఎలా అనుకోవాలి?" అని అడిగాడు. అయ్యగారు దేవుని ఇంటి గురించి, మనుషుల విశ్వాసం గురించి మొదలుపెట్టాడు. ఆడిటరమ్మ ఆయన మోచేతిని తట్టి, "అయ్యగారూ, అడిగిందానికే చెప్పున్రి" అంది. ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, "నాది కాదు సార్. నన్ను దాచమన్నారు. నాకు దాచడం చేతకాలేదు" అన్నాడు.

అధికారి కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. నాగయ్య వేలిముద్ర దగ్గర ఆగి పొట్టేలు సంగతి అడిగాడు. నన్ను కూడా, "మీరేం అమ్మారు?" అన్నాడు. ఇంట్లో వాడని ఇత్తడి గంగాళం అమ్మానని, ఎవరికి అమ్మానో, బేరంలో ఎంత దగ్గర పట్టుబట్టానో చెప్పాను. ఆయన పెదవి కొస నవ్వింది. బయటికి వచ్చాక పులిహోర విప్పాను. ఆడిటరమ్మ మా చేతి వంట తింటుందో లేదో అని నేను వెనకాడుతుంటే ఆమే చేయి చాపింది. తిని, "చింతపండు గూడ పొదుపేనా" అంది.

ఆ తర్వాత ఎదురుచూపులే. ఒకరోజు నేను ఇంట్లో చింతపండు గింజలు తీస్తుంటే ఫోను వచ్చింది. "సువార్తమ్మా, ఒడ్డున పడ్డం. ఆయన ఆదాయం కాదని ఒప్పుకున్నరు. ఆధారం దొరకని కొద్దిదానికే పన్ను పడ్డది. గది మీరందరు కలిసి కట్టుకోవాలె, ఆయన నెత్తిన పెట్టకున్రి." నేను చేతులు కూడా కడుక్కోకుండా అయ్యగారి ఇంటికి నడిచాను. ఆయన గడపలో కూర్చుని విన్నాడు. లేచి నా చేతులు పట్టుకోబోయి, చింతపండు చూసి ఆగి, నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో. ఆయన భార్య లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. ఆ పూట ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని మర్నాడు చెప్పింది. స్లాబు వేద్దామనుకున్నచోట పన్ను పోగా మిగిలిన డబ్బుకు రేకులే వచ్చాయి. ఫరవాలేదు. మొదటి వాన రేకుల మీద పడుతుంటే ప్రసంగం ఒక్క ముక్క వినబడలేదు, ఎవరూ విసుక్కోలేదు.

ఆడిటరమ్మ దగ్గరికి వెళ్ళి, మా పద్ధతిలో ప్రార్థన చేస్తానన్నాను. "చెయ్యి. తల మీద మాత్రం చెయ్యి పెట్టకు, జడ చెదురుతది" అంది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి తెరిచేసరికి ఆమె కూడా కళ్ళు మూసుకునే ఉంది. స్వామి పటం వైపు తిరిగి.

అక్కడితో మమ్మల్ని వదల్లేదు. సంఘాన్ని రిజిస్టరు చేయించింది. సంఘం పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, దానికి ముగ్గురి సంతకాలు. ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గర విడిగా నమోదు చేయించింది. గుడి అన్నంత మాత్రాన మినహాయింపు రాదని, అడిగి నమోదు చేసుకుంటేనే వస్తుందని అప్పుడే మాకు తెలిసింది. ఇస్సాకు ఉత్సాహపడి, కానుక ఇచ్చినవాళ్ళకు పన్నులో రాయితీ వస్తుందని రసీదు పుస్తకాల మీద అచ్చు వేయిద్దామన్నాడు. "గుడికిచ్చే కానుకకు ఆ రాయితీ రాదు. దేవుని పేరు కింద అబద్ధం అచ్చేస్తవా?" అంది. ఇస్సాకు ఆ తర్వాత ఏ కాగితమైనా ముందు ఆమెకే చూపించేవాడు.

అయ్యగారికి జీతం పెట్టమన్నప్పుడు ఆయన నొచ్చుకున్నాడు. "సేవకు జీతమా అమ్మా?"

"జీతం అనకున్రి, వేరే పేరు పెట్టుకోన్రి. నెలనెల సంఘం ఖాతాల నుంచి మీ ఖాతాలకు రావాలె. వచ్చింది మీది. పన్ను పడేంత అయితే కడ్తరు, లేకుంటే లేదు. రానిది ఒక్క రూపాయి గూడ మీది గాదు. గట్లయితే మీరు రేపు కొత్త బండి కొన్నా ఎవ్వడు కథలు చెప్పడు."

ఆయన ఇంకా ఆలోచిస్తుంటే ఆయన భార్య తలుపు పక్కనుంచి, "నెలకింత అని తెలిస్తే నేను గూడ కూరగాయలు చూసుకొని కొంట గద" అంది. అంతే, జీతం ఖాయమైంది.

నా వంతు ఆ మరుసటి ఏడు వచ్చింది. సంఘం ఖర్చుల కాగితాలు చూస్తూ, "నువ్వు గీడికి ఇన్నిసార్లు వచ్చినవ్ గద, బస్సు చార్జి ఏది?" అని అడిగింది.

"అది నేనే పెట్టుకున్న. దేవుని సొమ్ము నేనెందుకు తింట?" గొప్పగానే చెప్పాను.

"తినమన్ననా? సంఘం పనికి వచ్చినవ్, సంఘం చార్జి తీస్కో. ఇయ్యాలనుకుంటే మల్ల కానుక ఇయ్యి. నువ్వు గిట్ల పెట్టుకుంటనే ఉంటవ్. నీ తర్వాత వచ్చే ఆమె చేతిల పైసలు ఉండకపోవచ్చు. చార్జి అడగనీకి ఆమెకు సిగ్గు. ఆమె గీడికి రాదు, లెక్క ఆగిపోతది. నీ మంచితనం గూడ లెక్కల కనపడాలె సువార్తమ్మా. దాచిపెడితే అదొక తప్పుడు లెక్కే."

పొదుపు నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. అగ్గిపుల్ల దండగని పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకునేదాన్ని. కానీ పొదుపు వేరు, లెక్క వేరు అని ఆ రోజు తెలిసింది. నా చేతిలోంచి పోయేది ఆపుకోవడం పొదుపు. ఏది ఎవరిదో నేను లేనప్పుడు కూడా తెలిసేలా ఉంచడం లెక్క. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె ఒక సంచి చేతిలో పెట్టింది. ముతక గుడ్డ, రెండు అరలు, మధ్య దిట్టంగా రెండు వరుసల కుట్టు. వాళ్ళ మిల్లు బస్తాలు కుట్టే అతని చేత కుట్టించిందట. "ఇటు గుడిది, అటు నీది. కుట్టు ఊడనియ్యకు" అంది. సంచికి ఎంతైందని అడిగాను. మొదటిసారి నవ్వింది. "గది నా అరల నుంచి" అంది.

ఆమె పోయి కొంతకాలమైంది. ఆఫీసు ఇప్పుడు మేనకోడలు చూస్తోంది. గోడకు స్వామి పటం అదే, పక్కన ఆడిటరమ్మ ఫోటో. నేను ఇప్పటికీ ఏటా సంఘం కాగితాలు తీసుకుని వెళ్తాను. మొన్న వెళ్ళినప్పుడు సంఘం అరలోంచి కాగితాలు, వాటితోపాటు కోదాడలో ఇచ్చిన సున్నా టికెట్టు కూడా తీసి బల్ల మీద పెట్టాను.

"గిదెందుకు అమ్మమ్మా? పైసలేం లేవు గద" అంది ఆ మేనకోడలు పిల్ల.

"పైసలు లేవు. సంఘం పనిమీద వచ్చిన్నని లెక్కల ఉండాలె" అన్నాను.

ఆ పిల్ల నన్నొకసారి, గోడ మీద ఫోటోను ఒకసారి చూసింది. టికెట్టుకు పిన్ను కొట్టి మిగతా కాగితాలతో పెట్టింది.

తిరుగుదారిలో మా ఊరికి పోలేదు. మనవరాలిని చూడాలనిపించి సూర్యాపేట బస్సెక్కాను. కండక్టరు మళ్ళీ ఆధార్ కార్డు చూసి టికెట్టు ఇచ్చాడు. అదీ సున్నాయే. ఈసారి ఆలోచించలేదు. నా అరలో వేసుకుని, మధ్య కుట్టును ఒకసారి వేలితో తడిమి చూసుకున్నాను. గట్టిగానే ఉంది.